ఆ గొంతు ఎవరి సొత్తు?

మూడేళ్ల క్రితం సికింద్రాబాద్‌లో ఒక మేడ మీది గదిలో నేనొక పాట విన్నాను. మూడు నిమిషాల పాట. దాని గురించి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను, రాయలేకపోయాను. రాయాలంటే ఒక పేరు చెప్పాలి. ఆ పేరు చెప్పే హక్కు నాకుందా అన్న ప్రశ్న దగ్గర ప్రతిసారీ కలం ఆగిపోయింది. ఇప్పుడు రాస్తున్నానంటే జవాబు దొరికిందని కాదు. ఆ ప్రశ్నని నా ఒక్కదాని దగ్గరే దాచుకోవడం సరికాదనిపించింది.

ఆ గది ఒక రికార్డుల సేకర్తది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. తొలినాటి గ్రామఫోన్ గాయనుల మీద ఒక సెమినారు పేపరు రాస్తూ, ఎవరో చెబితే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. మూడు గోడల నిండా అరలు. అరల్లో గోధుమరంగు కాగితం తొడుగుల్లో రికార్డులు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకి వంగిపోతాయట, పగిలిపోతాయట. కిటికీ పక్కన రెండు టర్న్‌టేబుళ్లు. ఒకటి ఎల్పీలకి, ఇంకొకటి పాత డెబ్బై ఎనిమిదులకి. "ఒకే సూదితో రెండూ వింటారు కొందరు. అది పాపం" అన్నారాయన నవ్వకుండానే. డెబ్బై ఎనిమిది రికార్డు గాడి బాగా వెడల్పు. దాని సూది మొన ఎల్పీ సూది కంటే మూడు రెట్లకు పైగా లావుండాలి. సన్నసూది పెడితే అది గాడి అడుగున దొర్లుతూ ఇన్నేళ్ల దుమ్మునీ గీతల్నీ చదువుతుంది తప్ప, గొంతు రాసి ఉన్న పక్కగోడల్ని సరిగా అందుకోలేదు. రికార్డుల్ని ఎలా కడగాలో కూడా చెప్పారు. ఎల్పీని స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడవొచ్చు. డెబ్బై ఎనిమిదికి మాత్రం స్పిరిట్ తగలకూడదు. అది లక్క. స్పిరిట్‌లో కరిగిపోతుంది, దానితో పాటే పాటా పోతుంది.

ఆయన చెబుతుంటే నోట్సు రాసుకుంటున్నాను. ఒక్క రికార్డునీ నా చేతికివ్వలేదు. "చేతులకి చెమట ఉంటుందమ్మా" అన్నారు. తెలుగు గాయనుల అర దగ్గరికి వచ్చి ఒక్కొక్కటీ లేబుల్ మాత్రం చూపించి మళ్లీ పెట్టేస్తున్నారు. 1930ల నాటి ఒక రికార్డు లేబుల్ మీద ముందు ఒక ఊరి పేరు, తరవాత ఒక స్త్రీ పేరు. అప్పటి రికార్డుల మీద చాలామంది గాయనుల పేర్లు అలాగే ఉండేవి, ఊరే ఇంటిపేరైనట్టు. ఆ ఊరు మా అమ్మమ్మ పుట్టిన ఊరు. ఆ పేరు నా జీవితంలో ఒకే ఒక్కసారి విన్నాను. పదేళ్లప్పుడు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒక ఫొటో దొరికితే ఎవరని అడిగాను. మా పెద్దమ్మ అని, పేరు చెప్పి, ఫొటో నా చేతిలోంచి లాక్కుని పెట్టె మూసేసింది. ఆ మూత పడిన చప్పుడు నాకింకా గుర్తు.

"వినిపిస్తారా?" అన్నాను. గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడ్డాను.

ఆయన సూది దించారు. ముందు చిటపటలు. దాని వెనక నుంచి సన్నగా, పైస్థాయిలో, ఎక్కడా తొణకని ఒక గొంతు. క్షేత్రయ్య పదం. పాట అయిపోయాక ఆయన ఆ రికార్డు మాట్రిక్స్ నంబరు, ఏ ఊళ్లో రికార్డయింది, లేబుల్ రంగు ఎప్పుడు మారింది, అన్నీ గడగడా చెప్పారు. "ఈ కాపీ లాంటిది ఇంకోటి నేను చూళ్లేదు" అన్నారు. "ఈవిడ ఎవరో తెలుసా?" అని అడిగితే, "పేరుందిగా" అన్నారు. ఆయనకి ఆ గొంతు తెలుసు, మనిషి తెలీదు. నాకు మనిషి కాస్త తెలుసు, గొంతు తెలీదు. మా అమ్మమ్మ పెద్దమ్మ కలావంతుల ఇంటి పిల్ల అని, పాడేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనరు.

*

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గదికి వెళ్లేముందు ఇలాంటి మగవాళ్లంటే నాకు చిన్నచూపు ఉండేది. పరికరాల పిచ్చి, వైర్ల పిచ్చి, నంబర్ల పిచ్చి. హైఫై లోకంలో 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్' అనే మాటొకటి ఉంది. కొనబోయే స్పీకరుని భార్య హాల్లో ఉండనిస్తుందా లేదా అన్న లెక్క. పరికరానికి శబ్దం ఎంత బాగుందో కొలిచినట్టే భార్య ఒప్పుదలనీ ఒక పాయింటుగా కొలుస్తారు. కీర్ కీట్లీ అనే పరిశోధకుడు 1996లో అచ్చయిన ఒక వ్యాసంలో 1948-59 మధ్య అమెరికాలో హైఫై మోజుని పరిశీలించాడు. ఇంట్లో మగవాడు తనకంటూ ఒక చోటు ఆక్రమించుకోవడానికి శబ్దం ఎలా పనికొచ్చిందో, ఆ కథలో భార్య ఎప్పుడూ 'సౌండు తగ్గించు' అని అరిచే మనిషిగా ఎలా మిగిలిందో రాశాడు. అది చదివి నవ్వుకున్నాను. నా అభిప్రాయానికి ముద్ర పడ్డట్టనిపించింది.

కానీ సికింద్రాబాద్ నుంచి వచ్చిన రెండు నెలలకి జుమ్మెరాత్ బజార్లో ఒక పాత టర్న్‌టేబుల్ కొన్నాను. బెల్టు తెగిపోయి ఉంది. బెల్టు వేయించాను. టోనార్మ్ వెనక బరువుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, సూది గాలిలో తేలేట్టు నిలబెట్టి, అక్కడ సున్నా పెట్టుకుని, మళ్లీ రెండు గ్రాములకి దించడం నేర్చుకున్నాను. ఆ రాత్రి పన్నెండు దాటినా నిద్ర రాలేదు. చేతి వేళ్లకి అంత చిన్న బరువు తెలియడం ఎంత సంతోషమో ఎవరికి చెప్పాలి? అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఉషా కుట్టుమిషను ముందు కూర్చుని బెల్టు బిగించడం, సూది మార్చడం, దారం బిగువు అరచుట్టు అటూ ఇటూ తిప్పి గుడ్డముక్క మీద పరీక్షించడం. అదీ సూదే, అదీ బెల్టే, అదీ వేలికొసల విద్యే. దాన్నెవరూ అభిరుచి అనలేదు. దాని గురించి పత్రికలు రాలేదు. ఆ పనితో మా ఫీజులు కట్టింది కాబట్టి అది ఇంటిపని అయింది.

అందుకని పరికరాల్ని ప్రేమించడం మగవాళ్ల జబ్బు అనే మాట నేను వెనక్కి తీసుకున్నాను. ఆ ప్రేమకి ఎవరికి తీరిక ఇచ్చారు, ఎవరికి గది ఇచ్చారు, ఎవరి నైపుణ్యాన్ని నైపుణ్యమన్నారు అన్నదే అడగాల్సింది. నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు డీజే. వారానికి మూడు రాత్రులు పని. వైనల్ మీదే వాయిస్తుంది. టెక్నిక్స్ 1200 ముందు నిలబడి, ఒక చెవికి హెడ్‌ఫోను నొక్కుకుని, రెండో పళ్లెం మీది పాటని మొదటి పాట నడకలోకి తెచ్చి కలుపుతుంటే చూడాలి. అది వినే పనే. గంటల తరబడి, అలసట తెలియకుండా, అణువణువూ వినడం. ఒకసారి ఒక క్లబ్బులో ఆమె తన కార్ట్రిజ్‌లు బిగించుకుంటుంటే సౌండు చూసే అతను వచ్చి, "సెట్ చేసే అన్న ఎప్పుడొస్తాడు?" అని అడిగాడట. "నేనే అన్నని" అందట. చెప్పి నవ్వింది. నవ్వాక కాసేపు మాట్లాడలేదు.

*

గొంతుకీ పేరుకీ ఉన్న సంబంధం గురించి నేను ఆలోచించడం ఆ అమ్మాయితో మాటల్లోనే మొదలైంది.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆవిడ పాట చివర ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకుంటుంది. ఎంత ధీమాగా చెబుతుందో! ఆ ప్రకటనకి వెనక ఉన్నది వ్యాపార అవసరం. మైనపు పలకలు సముద్రం దాటి జర్మనీలోని హానోవర్ వెళ్లేవి. అక్కడ అచ్చువేసేవాళ్లకి ఈ భాషలేవీ రావు. ఏ పలక ఎవరిదో తెలిసి లేబుల్ అంటించడానికి పాడినవాళ్లే పేరు చెప్పాలి. కారణం ఏదైనా, పెళ్లి ద్వారానో తండ్రి ద్వారానో కాకుండా తన పనికి తన పేరు తానే చెప్పుకున్న స్త్రీ గొంతు ఆ లక్కలో మిగిలిపోయింది. ఆ పేరు మీదే రికార్డులు అమ్ముడుపోయాయి.

వేదికలు మూసినచోట కూడా రికార్డు తెరిచి ఉండేది. బెంగుళూరు నాగరత్నమ్మ తన సొంత డబ్బుతో తిరువయ్యారులో త్యాగరాజు సమాధి కట్టించింది. అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడకూడదన్నారు అప్పటి నిర్వాహకులు. గ్రామఫోన్ కంపెనీకి ఆ పట్టింపు లేదు. ఎవరి పాట అమ్ముడుపోతే వారి పాట అచ్చువేసింది. అందుకే ఆ తొలి దశాబ్దాల రికార్డుల్లో మన చెవికి ఎక్కువగా వినిపించేది దేవదాసీల గొంతులే, తవాయిఫ్‌ల గొంతులే. లేబుళ్ల మీద వాళ్ల పేర్ల ముందు 'మిస్' అని ఉండేది. బెంగాలీ రికార్డుల మీద పెద్దింటివాళ్లయితే పేరు పక్కన 'అమెచ్యూర్' అని వేయించుకున్నారు, మేం పాట అమ్ముకునేవాళ్లం కాదు సుమా అని చెప్పుకోవడానికి. ఒక చిన్న గుండ్రటి కాగితం మీద కులమూ పరువూ ఎంత పొందిగ్గా సర్దుకున్నాయో!

అదే నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని మళ్లీ అచ్చువేయించిన కథ ఈ పత్రిక పాఠకులకి కొత్త కాదు. నాకు అందులో ఎప్పుడూ గుచ్చుకునే అంశం ఒకటుంది. అంతకుముందు వచ్చిన ముద్రణలో కొన్ని పద్యాలతో పాటు ముద్దుపళని తన ఇంటి స్త్రీల వరస చెప్పుకున్న పీఠికనీ తీసేశారు. కావ్యం ఉంచి, కవయిత్రి తన గురించి చెప్పుకున్న మాటలు కత్తిరించారు. వీరేశలింగం గారికి ఆ కావ్యం అశ్లీలమైంది. నాగరత్నమ్మకి అది ఒక స్త్రీ రాసిన కావ్యమైంది. ఆమె ఆ పేరుని వరసతో సహా తిరిగి దాని చోట పెట్టింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా ఉంది.

గొంతు ఉంచుకుని పేరు తీసేయడం అక్కడితో ఆగలేదు. 1949లో వచ్చిన హిందీ సినిమా 'మహల్' పాట తొలి రికార్డు మీద గాయని పేరుగా సినిమాలో పాత్ర పేరు 'కామిని' అని వేశారు. పాడింది లతా మంగేష్కర్. డీజేల లోకంలో ఇంకా పెద్ద కథలున్నాయి. లోలీటా హాలోవే అనే నల్లజాతి అమెరికన్ గాయని 1980లో 'లవ్ సెన్సేషన్' పాడింది. 1989లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం ఆ రికార్డులోంచి ఆమె గొంతు ముక్కలు తీసి 'రైడ్ ఆన్ టైమ్' అనే పాట చేసింది. ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే. హాలోవే పేరు ఎక్కడా లేదు. వీడియోలో ఒక సన్నటి ఫ్రెంచి మోడల్ ఆ గొంతుకి పెదాలు కదిపింది. హాలోవే లాయర్ల ద్వారా పోరాడి పరిహారం రాబట్టుకుంది. ఆ మరుసటి ఏడాది సి ప్లస్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ పాటలో మార్తా వాష్ గొంతుకీ అదే జరిగింది. మార్తా వాష్ లావుగా ఉంటుంది. వీడియోలో ఆమె గొంతుకి మరొక అమ్మాయి పెదాలు కదిపింది. ఆమె దావాలు వేసింది. పాడినవారి పేరు వేసితీరాలన్న ఒత్తిడి ఆ పరిశ్రమలో పెరగడానికి ఆ దావాలు పెద్ద కారణం.

ఈ కథలు నాకు చెప్పింది ఆ డీజే అమ్మాయే. తన రికార్డుల తొడుగుల మీద తెల్ల టేపు అంటించి, లేబుల్ మీద లేని గాయనుల పేర్లు, కోరస్ పాడినవాళ్ల పేర్లతో సహా రాసుకుంటుంది. "రాత్రి మూడింటికి ఆరొందలమందిని ఆడించేది ఆవిడ గొంతు మేడమ్. నేను కాదు. కనీసం నాకైనా ఆవిడ ఎవరో తెలియాలిగా" అంటుంది.

ఈ ఉదాహరణలన్నీ చూశాక నాకొక సూత్రం దొరికిందనుకున్నాను. గొంతుని ప్రేమించడం తప్పు కాదు, పేరు వదిలేసి ప్రేమించడం దొంగతనం. సెమినారు పేపరు అదే వాక్యంతో ముగించాను. చప్పట్లు కూడా కొట్టారు. కానీ మా ఇంటి దాకా వచ్చేసరికి ఆ సూత్రం నిలబడలేదు.

*

దానికి ముందు సేకర్తకి నేను పడ్డ బాకీ చెప్పాలి.

డెబ్బై ఎనిమిది రికార్డులో ఉన్నది కొంత లక్క, మిగిలింది రాతిపొడి, మసి, నూలు పీచు. లక్క అంటే మనకి గాజులు, ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. అది లక్కపురుగు స్రవించే జిగురు. ముఖ్యంగా ఆడపురుగు. ఒకసారి కొమ్మని పట్టుకుని రసం పీల్చడం మొదలుపెట్టాక ఆడపురుగు ఇంక కదలదు. కాళ్లు కూడా పోతాయి. తన జిగురులోనే తాను మునిగి, అందులోనే పిల్లల్ని కని, అందులోనే చచ్చిపోతుంది. ఆ గూడుని గీకి తెచ్చి కరిగించి వడగడితే లక్క. ఛోటానాగ్‌పూర్ అడవుల ఆదివాసులు తరతరాలుగా చేస్తున్న పని అది. ఇది తెలిసినప్పుడు నాకు ఉపమానాలు చాలా తట్టాయి. అన్నిటినీ పక్కన పెట్టాను. ఆ పురుగు మన ఉపమానం కోసం బతకలేదు. ఒక్కటి మాత్రం నిజం. ఆ వస్తువు పెళుసు. చేయి జారితే ముక్కలవుతుంది. ఎనభై తొంభై ఏళ్లు అది ముక్కలు కాకుండా ఉందంటే ఎవరో ఒకరు పూనుకుని కాపాడారు.

కాపాడింది ఎవరు? మా ఇల్లు కాదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక, అంతకుముందు నుంచీ కూడా, ఆ ఇళ్లలో గజ్జెలు, ఫొటోలు, రికార్డులు ఎన్ని పెరటి నూతుల్లోకి పోయాయో ఎవరు లెక్కపెట్టారు? మా అమ్మమ్మ వాళ్లమ్మ గ్రామఫోన్ పెట్టెని పాతసామాన్లవాడికి ఇచ్చేసిందట. సంస్కరణకి అది మేము చెల్లించిన ధర. విశ్వవిద్యాలయాలు కూడా కాపాడలేదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు లాంటివాళ్లు, 1990లో ముంబయిలో మొదలైన రికార్డు సేకర్తల సంఘంవాళ్లు, ఇంకా పేరు తెలియని బ్యాంకు గుమస్తాలు, మెకానిక్కులు చెత్తబజార్ల వెంట తిరిగి ఏరి తెచ్చారు. స్త్రీల చరిత్ర రాస్తున్న నేను, ఆ చరిత్ర వినడానికి, స్త్రీల గురించి ఎప్పుడూ ఆలోచించని ఒక మగవాడి మోజు మీద ఆధారపడి ఉన్నాను. ఆయన వస్తువుని ప్రేమించారు. మేము పరువుని ప్రేమించాం. మనిషిని ఎవరు ప్రేమించారు?

ఆ పాటని ఆయన కంప్యూటర్లోకి ఎక్కించి నాకిచ్చారు, "నా రికార్డు. బయట ఎవరికీ ఇవ్వకండి" అన్న షరతు మీద. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద కాపీరైటు వెలువడిన తరవాత అరవై ఏళ్లే. అది ఎప్పుడో దాటిపోయింది. పదం క్షేత్రయ్యది, దానికి యజమాని లేడు. చట్టం లెక్కన ఆ గొంతు అందరిదీ. ఈ మాట చెబితే డీజే అమ్మాయి కళ్లు మెరిశాయి. నా ఫోనులో ఆ పాట విని చాలాసేపు ఊరుకుంది. తరవాత, "ఆవిడ పల్లవి ఎత్తుకునే చోటు, ఆ నాలుగు సెకన్లు, నా సెట్ మొదట్లో పెట్టుకోనా మేడమ్? పేరు చెప్పి పెడతాను. తెర మీద వేయిస్తాను" అంది.

నా సూత్రానికి సరిగ్గా సరిపోయే కోరిక. అయినా సరే అనలేకపోయాను. అడగాల్సిన మనిషి ఒకరున్నారు.

*

అమ్మమ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. కాకినాడలో మామయ్య దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆమె మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, చిన్న స్పీకరు తగిలించి, ఏమీ చెప్పకుండా పాట పెట్టాను. ఇది మోసమే. ముందు అడిగితే వద్దంటుందని భయం. పరిశోధకులుగా మనం నలుగురికీ చెప్పే అనుమతుల పాఠం అమ్మమ్మ దగ్గర నేను పాటించలేదు.

అమ్మమ్మ రెండు వరసలు వింది. ముఖంలో ఏమీ మారలేదు. "ఎవరే ఇది?" అంది. పేరు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ జరగలేదు. ఇంకాస్త విని, తల అడ్డంగా ఊపి, "కాదు. మా పెద్దమ్మ గొంతు ఇంత సన్నం కాదు" అంది.

నాకు వెన్నులో చలి పుట్టింది. డెబ్బై ఎనిమిది అని మనం అంటాం గానీ ఆ రికార్డులన్నీ కచ్చితంగా నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లతో రికార్డయినవి కావు, ముఖ్యంగా పాతవి. తిప్పే వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది, గొంతు పలచబడుతుంది. సేకర్త తిప్పిన వేగమే ఆమె శ్రుతి అని నేను నమ్మాను. నా పేపర్లో 'పైస్థాయిలో పలికే సన్నని గొంతు' అని వర్ణించాను కూడా.

వేగం తగ్గిస్తూ వెళ్లాను. డెబ్బై ఏడు. డెబ్బై ఆరు. "ఇంకా" అంది. డెబ్బై ఐదు. "ఇంకొంచెం." డెబ్బై నాలుగు దగ్గర అమ్మమ్మ కళ్లు మూసుకుంది. "ఆ. ఇదీ" అంది. దాదాపు అర్ధస్వరం కిందికి దిగింది. గొంతులో గరుకూ బరువూ వచ్చాయి. పాడుతున్నది పాప కాదు, ఒక పెద్ద మనిషి. ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలిసింది.

ఇందులో నాకొక అనుమానం లేకపోలేదు. అమ్మమ్మ తన పెద్దమ్మ పాట విన్నది రికార్డయిన చాలా ఏళ్ల తరవాత. వయసుతో గొంతు మందమై ఉండొచ్చు. పదేళ్లలోపు పిల్ల చెవిలో మిగిలిన శ్రుతిని ఎనభై ఏళ్ల తరవాత నమ్మొచ్చా? నాకు తెలీదు. కానీ హై ఫిడెలిటీ అనే మాట ఆ మధ్యాహ్నం నాకు వేరేగా వినిపించింది. ఫిడెలిటీ అంటే నమ్మకంగా ఉండటం. ఇంగ్లీషులో దంపతుల మధ్య విశ్వాసానికి వాడే మాటే అది. ఏ స్త్రీలని ఒక పురుషుడికి కట్టుబడి లేరని సంఘం బయటికి నెట్టిందో, ఆ స్త్రీల గొంతుల దగ్గర మనం ఫిడెలిటీ గురించి మాట్లాడుతున్నాం. దేనికి నమ్మకంగా? వస్తువుకా, లేబుల్‌కా, పాడిన మనిషికా, ఆమెని విన్న పిల్లకా?

డీజే అమ్మాయి కోరిక చెప్పాను, ఈ వ్యాసం సంగతీ చెప్పాను. అమ్మమ్మ నెమ్మదిగా అంది: "పాట పెట్టుకోమను. దాచుకోడానికి పాడలేదు ఆవిడ. పేరొద్దు."

"పేరు లేకుండా ఎలా అమ్మమ్మా? అప్పుడు ఆవిడ ఎవరికీ..."

"నువ్వు చదువుకున్నావు, చెప్పుకుంటావు. నీకు మెచ్చుకోళ్లొస్తాయి. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన పిల్ల ఉంది. సంబంధం వాళ్లు అడిగితే జవాబు చెప్పుకునేది నేనూ మీ అత్తా."

నా దగ్గర జవాబు లేదు. ఉందనుకున్న జవాబు ఇది: సిగ్గుపడాల్సింది మనం కాదు, అడిగేవాళ్లు. అది నిజమే. కానీ ఆ నిజానికి ధర కట్టేది నేను కాదు, ఇరవై నాలుగేళ్ల మా మామయ్య కూతురు. ఎవరి పేరు ఎప్పుడు బయటపెట్టాలో నిర్ణయించే అధికారాన్ని సంస్కర్తలు ఒకప్పుడు ఆ స్త్రీల చేతుల్లోంచి తీసుకున్నారు. ఇప్పుడు అదే అధికారం పరిశోధకురాలిగా నేను తీసుకుంటే తేడా ఏమిటి? నాగరత్నమ్మ ముద్దుపళని పేరు నిలబెట్టినప్పుడు తనూ ఆ వరసలోనే నిలబడి నిలబెట్టింది, దాని దెబ్బ తనే తింది. నేను నా పేరు కింద డాక్టరేటు పెట్టుకుని, దెబ్బ మరొకరి మీదికి తోస్తున్నాను.

అమ్మమ్మ మాట డీజే అమ్మాయికి చెప్పాను. పాట పెట్టుకోవచ్చు, పేరు చెప్పకూడదు. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే వద్దు మేడమ్. పేరు లేకుండా నేను పెట్టను. ఆగుతాను" అంది. ఆ నాలుగు సెకన్లు ఇంకా ఎవరూ వినలేదు. వినకపోవడం కూడా నష్టమే. ఆమె దాచుకోడానికి పాడలేదని అమ్మమ్మ అన్న మాట నా చెవిలో ఉంది. ఆగడం గౌరవమా, మళ్లీ పెట్టె మూత వేయడమా? రెండూ ఏమో. ప్రస్తుతానికి నాకు తెలిసింది ఇంతే: ఒక గొంతు మీద హక్కులు చట్టంతో తెగిపోవు, రక్తంతో రావు, డబ్బిచ్చి కొంటే రావు. వినేవాళ్లకి ఆ గొంతు పట్ల ఉండేది బాకీ. పేరు ఆ బాకీలో ఒక భాగం. బతికున్నవాళ్ల మాట వినడం ఇంకో భాగం. రెండూ ఎదురెదురు నిలబడ్డప్పుడు తొందరపడకపోవడం తప్ప నాకు వేరే దారి కనపడలేదు.

సికింద్రాబాద్ మళ్లీ వెళ్లాను. డెబ్బై నాలుగు సంగతి చెబితే ఆయన నమ్మలేదు. టర్న్‌టేబుల్ వేగం తగ్గించి, తలవంచి పాట మొత్తం విన్నారు. చాలాసేపటికి, "మీకెవరు చెప్పారు?" అన్నారు. "ఆవిడ పాడగా విన్నవాళ్లు" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. పెన్సిలుతో కాగితం తొడుగు మూల '74' అని రాశారు. తరవాత రికార్డుని తొడుగులో పెట్టకుండా అంచులు పట్టుకుని నా చేతుల్లో పెట్టారు.

అనుకున్నదాని కన్నా బరువుగా ఉంది. లేబుల్ మీద పేరు స్పష్టంగా ఉంది. ఊరి పేరు, తరవాత ఆమె పేరు. చదువుకుని తిరిగి ఇచ్చేశాను.